గోల్ కొట్టినవాడే బంతి తేవాలి

“మాస్టారండీ, మానేస్తే ఏం పోతుందండి?” అని ఓలేటి నూకరాజు గోవా రైలెక్కే ముందురోజు సాయంత్రం, మాకు ఫుట్‌బాల్ నేర్పే దైవసహాయం మాస్టారిని అడిగాడు. మాస్టారు ఏనాడూ అడిగిన ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పి ఎరగరు. బూట్లు ఏ సైజువి కొనుక్కోమంటారండీ అన్నా సరే, ఎప్పుడో ఎక్కడో జరిగిన సంగతొకటి ఎత్తుకునేవారు. అది ముగిసేసరికి బూట్ల మాట అడిగినవాడికే గుర్తుండేది కాదు. ఆ సాయంత్రమూ అంతే జరిగింది. కాకపోతే అప్పుడాయన చెప్పిన సంగతి నన్ను ఇన్నేళ్లుగా వదల్లేదు.

నూకరాజు మానేద్దామనుకున్నది ఏమిటో తెలియాలంటే ముందు మా మైదానం గురించి చెప్పాలి. అది కాకినాడలో ఉప్పుటేటి గట్టు పక్కన ఉండేది. ఇప్పుడు వెతికినా దొరకదు, ఆ చోటంతా గోడౌన్లు లేచిపోయాయి. అటువైపు వెళ్లినప్పుడల్లా ఏటి బురద వాసనా, మాస్టారి ఈలా గుర్తొచ్చి నాకు దిగులు పుడుతుంది. మా గోల్ స్తంభాలకు వల ఉండేది కాదు. గోల్ పడిందంటే బంతి గట్టు మీంచి దొర్లి బురదలో పడేది. గోల్ కొట్టినవాడే వెళ్లి దాన్ని తేవాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఇదీ మాస్టారి కట్టడి. వలలున్న మైదానాల్లో పోటీలకు వెళ్లినా మేం దీన్ని పాటించాల్సిందే. గోల్ కొట్టినందుకు ఇదో శిక్ష అని కుర్రాళ్లు నవ్వుకునేవారు. అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టేది నూకరాజే కనక ఎక్కువ బురద తొక్కిందీ వాడే. నేను గోల్ కాసే గోలీని. వాడు మోకాలిదాకా బురదతో గట్టెక్కి వచ్చేలోపు నేను స్తంభానికి చేరబడి, మంచినీళ్లు తాగి, ఊపిరి పీల్చుకునేవాణ్ణి. ఆడేవాడికి పొగరెక్కకుండా మాస్టారు కనిపెట్టిన మందు ఇది అనుకున్నానే తప్ప అంతకుమించి ఆలోచించలేదు.

నూకరాజుది దుమ్ములపేట. చేపల వేటకెళ్లే ఇంట పుట్టి, పడవెక్కితే కడుపులో ఉన్నదంతా కక్కుకునే మనిషి. వాళ్ల నాన్న ఒకటి రెండుసార్లు సముద్రం మీదికి తీసుకెళ్లి చూసి, నీకో దణ్ణంరా బాబూ అని ఒడ్డున దింపేశాడు. వాడికి తెలిసిన విద్యల్లా ఎడమకాలితో బంతి తన్నడం. అలాంటివాణ్ణి గోవాలో పేరున్న క్లబ్బు ఒకటి పిలిచి, ఆడించి చూసింది. అక్కడా గోల్ కొట్టాడు. కొట్టి, అలవాటు కొద్దీ వలలోకి పరిగెత్తి, బంతి తీసుకొచ్చి మైదానం నడుమ పెట్టాడు. అక్కడివాళ్లు నవ్వారట. గోల్ కొట్టినవాడు జనంవైపు పరిగెత్తాలి గాని బంతి వెనక పడకూడదనీ, ఈ అలవాటు ఊళ్లోనే వదిలేసి రమ్మనీ చెప్పి పంపారు. ఈసారి వెళితే నెల రోజులు చూసి, నచ్చితే ఉంచుకుంటారు. నచ్చకపోతే మళ్లీ నాన్న పడవే గతి. క్లబ్బు మాట వినాలా, మాస్టారి మాట వినాలా తేలక వాడికి నిద్ర పట్టడం లేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. పైకి మాత్రం తేలిగ్గా అడిగినట్టు అడిగాడు.

ఆ రోజు ఆదివారం. ఆదివారం ఆట అయ్యాక మాస్టారు స్టీలు గిన్నెలో ఉడకబెట్టిన కర్రపెండలం తెచ్చి అందరికీ తలో ముక్కా పెట్టేవారు. ఆయన పుట్టింది సామర్లకోట దగ్గర. అటువైపు సగ్గుబియ్యం మిల్లుల కోసం ఈ దుంప పండిస్తారు కనక, ఊరి మీద మమకారం కొద్దీ తెస్తున్నారని అనుకునేవాళ్లం. కుర్రాళ్లంతా వెళ్లిపోయి మేం ముగ్గురమే మిగిలాక, ఆయన మా ఇద్దరి చేతుల్లో చెరో ముక్కా పెట్టి, ఇది నేను బెల్జియంలో తిన్నాన్రా అని మొదలుపెట్టారు.

ఆయన వయసులో ఉండగా, పైదేశాల క్లబ్బుల్లో ఆట ఎలా నేర్పుతారో చూసి రమ్మని మన దేశంనుంచి కొందరు శిక్షకులను పంపారట. మాస్టారికి బెల్జియంలో కాలువ పక్కనున్న ఓ చిన్న ఊరు తగిలింది. ఒక సీజనంతా అక్కడే. వానా, చలీ, ఉప్పూ కారం తెలియని తిండీ. ఇంటి మీద బెంగతో మనిషి సగమైపోయారు. ఒకరోజు రైలు స్టేషను దగ్గర కాంగో వాళ్ల కొట్టు ముందు బుట్టలో కర్రపెండలం దుంపలు కనిపించాయి. సామర్లకోట సంతలో చూసినట్టే మట్టితో సహా ఉన్నాయట. బసకు తెచ్చి, తొక్క తీసి, ఉప్పేసి ఉడకబెడుతుంటే మేడ మీంచి ఒక కుర్రాడు మెట్లు దిగివచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ వాసనకు వాడి కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి. పేరు ఎలాడియో. దక్షిణ అమెరికాలో పరాగ్వే అనే దేశంనుంచి ఆ క్లబ్బు కొనుక్కొచ్చిన ఫార్వర్డు, పందొమ్మిదేళ్ల వాడు. వాళ్లింట్లో మూడుపూటలా ఈ దుంపే తింటారట. ఆ రోజునుంచీ ఇద్దరూ ఒకే గిన్నెలో తిన్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. నాలుగు ముక్కల ఇంగ్లీషూ, మిగతాదంతా చేతులతోనూ. అయినా అన్ని కబుర్లు నేను మీ అత్తయ్యతో కూడా చెప్పలేదురా అన్నారు మాస్టారు, నవ్వుతూ.

ఎలాడియో తమ ఊరి మైదానాన్ని వంటింటి బల్ల మీద దుంప తొక్కలతో గీసి చూపించేవాడట. పెద్ద నది, దాని గట్టు మీద ఎర్రమట్టి నేల, రెండు కర్రలు పాతితే గోల్. ఊరందరికీ ఒకటే బంతి. గోల్ పడితే అది గట్టు దిగి నదిదాకా పోయేది. కొట్టినవాడు ఒక్కడే మెల్లగా దిగి, తడి బంతి చంకలో పెట్టుకుని, మెల్లగా ఎక్కి వచ్చేవాడు. ఈలోపు రెండు జట్లవాళ్లూ నీడలో కూర్చుని, కొమ్ముతో చేసిన ఒకే గ్లాసులోంచి, ఏవో ఆకులు నానేసిన చల్లటి నీళ్లు వంతులవారీగా తాగుతూ ఉండేవారు. తన్నినవాడే తెచ్చుకోవాలి, ఉన్నది ఒక్క బంతి కదా, అందుకే ఈ పద్ధతి అని ఎలాడియో అనుకున్నాడు. అక్కడ పెరిగినవాళ్లంతా అలాగే అనుకున్నారు.

బెల్జియంలో వల ఉంది, బంతి ఎక్కడికీ పోదు. అయినా గోల్ కొట్టగానే కుర్రాడి కాళ్లు వాటంతటవే బంతి దగ్గరికి పోయేవి. దూరం లేదు కనక ఒక్క ఉరుకులో వెళ్లి, ఒక్క ఉరుకులో తెచ్చి నడుమ పెట్టేసేవాడు. కౌగిలించుకుందామని చేతులు చాపిన తోటివాళ్లు అలాగే నిలబడిపోయేవారు. ఇంకో గోల్ కోసం ఆకలి మీదున్నాడని మొదట్లో జనం మురిసిపోయారు. ఒకరోజు ఆట ముగియబోతుండగా ఎలాడియో గోల్ కొట్టి జట్టును ముందుకు తెచ్చాడు. అప్పుడు కాస్త కేకలేసి, ఒకరి మీద ఒకరు పడి, కాలం గడిపేస్తే చాలు, గెలుపు వాళ్లదే. ఈ మహానుభావుడు పరుగున బంతి తెచ్చి అవతలివాళ్ల కాళ్ల ముందు పెట్టాడు. మిగిలిన ఆ కాస్త సమయంలోనే వాళ్లు గోల్ కొట్టి ఆట సమం చేశారు. క్లబ్బు శిక్షకుడు ఎలాడియోను గదిలోకి పిలిచి, తలుపు వేయకుండానే కేకలేశాడు. ఇంకోసారి బంతి వెనక పరిగెత్తితే వచ్చే ఏడు నీకు ఇక్కడ చోటు లేదు అని తేల్చేశాడు. ఆపైన కుర్రాడికి సంబరపడటం నేర్పించారట. గోల్ కొట్టాక మూలనున్న జెండా దగ్గరికి పరిగెత్తి, మోకాళ్ల మీద జారి, చేతులు పైకెత్తాలి. దీనికి రోజూ సాధన. మాస్టారు అంచున కూర్చుని అదంతా కాగితం మీద రాసుకున్నారు, మన దేశానికి పనికొస్తుందేమోనని.

సీజను ఆఖరి ఆటనాడు ఎలాడియో పొద్దున్నే మాస్టారి దగ్గరికి వచ్చి, బంతి వెనక పోవడం మానేస్తానని శిక్షకుడికి మాటిచ్చానని చెప్పాడు. ఇంటికి తిరిగి వెళితే మొహం చూపించలేనన్నాడు. కొడుకు బెల్జియంలో ఆడుతున్నాడని పరాగ్వేలో వాళ్లమ్మ వీధి వీధంతా చెప్పుకుని ఉంది. ఆట మొదలైంది. అవతలి గోలీ బట్టతల మనిషి, వయసు మీరినవాడు, అదే అతని ఆఖరి ఆట. ఎలాడియో గోల్ కొట్టాడు. నేర్పినట్టే జెండా దగ్గరికి పరిగెత్తాడు, మోకాళ్ల మీద జారాడు, చేతులెత్తాడు. తోటివాళ్లు మీదపడ్డారు. జనం లేచి నిలబడి వాడి పేరు పిలిచారు. ఆ కాళ్ల సందుల్లోంచి ఎలాడియో చూపు గోల్ వైపు పోయింది. ముసలి గోలీ మైదానానికి వీపు పెట్టి, వంగి, వలలో చిక్కుకున్న బంతిని విడదీసుకుంటున్నాడు. అది తేలిగ్గా రావడం లేదు. అంత కోలాహలంలో అతన్ని చూస్తున్నవాడు ఎవడూ లేడు. లేచేసరికి కుర్రాడి మొహంలో నెత్తుటిచుక్క లేదని, దెబ్బ తగిలిందేమోనని భయపడ్డానని మాస్టారు చెప్పారు.

రెండో సగంలో ఎలాడియో ఇంకో గోల్ కొట్టాడు. ఈసారి జెండావైపు పోలేదు. పరిగెత్తనూ లేదు. గట్టు దిగుతున్నట్టు మెల్లగా వలలోకి నడిచి, గోలీ వంగబోతుంటే భుజం మీద చెయ్యివేసి ఆపి, బంతి తనే తీసి చంకలో పెట్టుకుని, మెల్లగా నడిచి వచ్చాడు. జనం ఈలలు వేశారు, తిట్టారు. వాడి నడక మారలేదు. ఆట గెలిచారు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఎలాడియో దుంప ముక్క చేతిలో పట్టుకుని, తినకుండా, “మా ఊళ్లో గోలీ వంగడం నేనెప్పుడూ చూడలేదు. ఎందుకు చూడలేదో ఇవాళ తెలిసింది” అన్నాడట.

మాస్టారు అక్కడితో ఆగి, గట్టు అవతలికి చూస్తూ కూర్చున్నారు. పోటు వచ్చి ఏరు నిండుతోంది. తర్వాత ఏమైందండీ, ఉంచుకున్నారా అని నూకరాజు ఆత్రంగా అడిగాడు. ఉంచుకోలేదన్నారు మాస్టారు. ఆట బాగుంది గాని మనిషి మా దారికి రాడని, పోర్చుగల్లో ఇంకా చిన్న క్లబ్బుకు పంపేశారు. స్టేషనులో విడిపోయేటప్పుడు ఆయన ఉడకబెట్టిన దుంపలు కాగితంలో చుట్టి ఇచ్చారు. చాలా ఏళ్లు అక్కడే ఆడాడని ఎవరో చెప్పగా విన్నారు, పెద్ద పేరేమీ రాలేదు. ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. 

“అయితే నష్టపోయినట్టే కదండీ” అన్నాడు నూకరాజు, తల వంచుకుని. వాడి బాధ వాడిది. నెల తిరిగేసరికి పడవలో ఉండాల్సి వస్తుందేమోనన్న భయం ఆ మాటలో వినిపించింది. మాస్టారు వాడికి జవాబు చెప్పకుండా నావైపు తిరిగి, “ఒరే సూరిబాబూ, ఈ మైదానంలో నీ వెనకపడ్డ బంతిని ఎప్పుడైనా నువ్వు తెచ్చావా?” అని అడిగారు. లేదండి అన్నాను. మరి బయటి ఊళ్లలో అన్నారు. నాకు ఏలూరు పోటీలు గుర్తొచ్చాయి. అక్కడ వరసగా గోల్స్ తిన్నాను. అవతలివాళ్లు ఒకరి భుజాలెక్కి ఒకరు ఊరేగుతుంటే, నేను ప్రతిసారీ వెనక్కి తిరిగి, అంతమంది ముందు వంగి, వల సందుల్లోంచి బంతి పీకాను. గోల్ తిన్నప్పుడు రాని ఏడుపు ఆ వంగినప్పుడు వచ్చేది. చెమట తుడుచుకుంటున్నట్టు చొక్కాతో మొహం తుడుచుకునేవాణ్ణి. ఈ సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, చెప్పుకోదగ్గదని కూడా అనుకోలేదు. ఆ సాయంత్రం చెప్పాను. నూకరాజు తలెత్తి, ఎన్నో ఏళ్లుగా తన గోల్స్ తిన్న నన్ను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

మాస్టారు ఖాళీ గిన్నెకు మూత పెట్టి లేచారు. పంచె దులుపుకుని, ఈల మెడలోంచి తీసి జేబులో వేసుకుని, “ఏం పోతుందో నన్నడిగావు. అడగాల్సింది వీణ్ణిరా నూకరాజూ” అన్నారు.