ఇవ్వని రక్తం

చీరాలలో దిలీప్ అని, వెనకడుగు వేయడమంటే చచ్చేంత నామోషీ పడే పంతొమ్మిదేళ్ళ కుర్రాడు ఒకడుండేవాడు. పందెం అంటే ముందు వాడే దూకేవాడు. తన అభిమాన హీరో సినిమా వస్తే కటౌట్ మీదికెక్కి పాలాభిషేకం చేసేదీ వాడే. ఊళ్ళో కుర్ర అభిమానులందరికీ వాడే నాయకుడు.

ఒకసారి వాళ్ళ కాలేజీకి ఒక డాక్టరుగారు వచ్చి ఎయిడ్స్ గురించి చెప్పారు. అది ఎలా అంటుకుంటుందో, ఎలా అంటుకోదో, ఏం జాగ్రత్త పడాలో ఏదీ దాచకుండా చెప్పారు. పిల్లలంతా తలలు దించుకుని ఒకటే నవ్వు. దిలీప్ లేచి, "అవన్నీ లారీలు తోలేవాళ్ళకొచ్చే రోగాలు సార్. మాకెందుకొస్తాయి?" అన్నాడు. క్లాసంతా బల్లలు చరిచారు. పాపం, డాక్టరుగారి మాటలు దున్నపోతు మీద వాన అయ్యాయి.

కొన్నాళ్ళకు దిలీప్, నాగూర్ వలీ, ఇంకో ముగ్గురు స్నేహితులు తిరునాళ్ళకు వెళ్ళారు. అక్కడ గుండెల మీద హీరో పేరు పచ్చబొట్టు పొడిపించుకున్నారు. పొడిచే మనిషి ఒకరి తర్వాత ఒకరికి సూది మార్చబోయాడు. దిలీప్ ఒప్పుకోలేదు.

"మార్చొద్దు! ఐదుగురికీ ఒకటే సూది. ఇవాళ్టి నుంచి మాది రక్తసంబంధం!" అన్నాడు.

వాడు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. మిగతా నలుగురూ ఈలలు వేశారు. స్నేహం గొప్పదే, కాదనను. తెలివి మాత్రం ఆ తిరునాళ్ళలోనే తప్పిపోయింది.

నెల తిరగకుండానే హీరో పుట్టినరోజు వచ్చింది. అభిమానులు థియేటర్ ఆవరణలో రక్తదాన శిబిరం పెట్టారు. మంచాలు వేశారు, మైకు పెట్టారు, ఊరంతా వచ్చింది. మేరీ రత్నం అనే నర్సు రక్తం ఇచ్చేవాళ్ళను ఒక్కొక్కరినే పక్కకు పిలిచి మెల్లగా ప్రశ్నలు అడుగుతోంది.

"ఈ ఏడాదిలో పచ్చబొట్టు పొడిపించుకున్నావా నాయనా? ఒకరు వాడిన సూది వాడావా? జాగ్రత్త లేకుండా ఎవరితోనైనా కలిశావా? సిగ్గుపడకు. నాతో చెప్పింది నాతోనే ఉంటుంది."

పచ్చబొట్టు మాట వినగానే దిలీప్ చెయ్యి గుండెల మీదికి పోయింది. ఉందంటే ఈమె రక్తం తీసుకోదు. నాయకుడే రక్తం ఇవ్వలేదని తెలిస్తే ఇంకేమైనా ఉందా? చొక్కా గుండీ పైదాకా పెట్టుకుని, "అలాంటివేమీ లేవు మేడమ్" అన్నాడు.

వాడు ఇవతలికొచ్చి చెప్పింది విని మిగతా నలుగురూ అదే అబద్ధం చెప్పారు.

దిలీప్ మంచం మీద పడుకున్నాడు. చేతికి పట్టీ కట్టారు. అప్పుడు సహస్ర అనే ఎనిమిదేళ్ళ పాప బిస్కెట్ పొట్లాలు పంచుతూ వాడి దగ్గరికి వచ్చింది. ఆ పాపకు పుట్టుకతోనే తలసేమియా. రెండు మూడు వారాలకోసారి ఎవరిదో ఒకరి రక్తం ఎక్కిస్తేనే బతుకు. రక్తం ఇచ్చేవాళ్ళకు కృతజ్ఞత చెప్పుకుందామని తల్లి ఆ పాపను శిబిరానికి తీసుకొచ్చింది.

"భయమేస్తోందా అన్నా?" అని అడిగింది పాప. "నాకైతే ఎన్నిసార్లు పొడిచారో! కళ్ళు మూసుకో, ఏమీ తెలీదు. రక్తం ఇచ్చినోళ్ళంతా నాకు అన్నలేనంట. మా అమ్మ చెప్పింది."

పాప అవతలి మంచం దగ్గరికి వెళ్ళాక దిలీప్ నర్సును పిలిచాడు.

"మేడమ్, ఎట్లాగూ అన్ని పరీక్షలూ చేశాకే ఎక్కిస్తారు కదా? రక్తంలో ఏమన్నా ఉంటే తెలిసిపోద్ది కదా?"

"చేస్తాం. కానీ కొత్తగా సోకిన జబ్బు మొదట్లో ఏ పరీక్షకూ అందదు. అందుకేగా నిన్ను ముందే అడిగింది. ఆ కాస్త చోట మేం నమ్ముకునేది మీ నోటిమాటనే."

దిలీప్ లేచి కూర్చున్నాడు. చేతికున్న పట్టీ విప్పేశాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. "ఏరా, సూదిని చూసి దడుచుకున్నావా?" అన్నారెవరో.

ఔనని తలూపితే అక్కడితో అయిపోయేది. పిరికివాడన్న పేరు ఒక్కటే మిగిలేది. కానీ పక్క మంచం మీద నాగూర్ వలీ చేతి నుంచి సంచిలోకి అప్పటికే రక్తం దిగుతోంది. మిగతా ముగ్గురూ వరుసలో ఉన్నారు. వాళ్ళ రక్తం ఆగాలంటే నిజం పైకి చెప్పాలి. అదీ ఊరందరి ముందూ చెప్పాలి.

"భయం కాదు," అన్నాడు దిలీప్. "తిరునాళ్ళలో మేం ఐదుగురం ఒకటే సూదితో పచ్చబొట్టు పొడిపించుకున్నాం. అడిగితే లేదని అబద్ధం చెప్పాం. మా రక్తం ఎవరికీ ఎక్కించొద్దు మేడమ్."

"అయితే నీకు ఎయిడ్సా?" అని ఒకడు నవ్వాడు.

"తెలీదు," అన్నాడు దిలీప్. "తెలీకుండా ఇంకొకళ్ళకి ఇవ్వకూడదుగా!"

నర్సు ఆ నవ్వినవాడి వైపు తిరిగింది. "నవ్వడానికేముంది ఇందులో? ఆ జబ్బున్నవాళ్ళు కూడా మందులు వాడుకుంటూ నీలాగా నాలాగా బతుకుతున్నారు" అంది.

నాగూర్ వలీ, "నాదీ తీసేయండి మేడమ్" అన్నాడు. నర్సు సగం నిండిన సంచిని పక్కన పెట్టేసింది. వరుసలోంచి మిగతా ముగ్గురూ ఇవతలికి వచ్చి దిలీప్ పక్కన నిలబడ్డారు. ఒక్కడూ తల దించుకోలేదు. నిన్నటిదాకా ఆ జబ్బు పేరు విని నవ్విన పిల్లలేనా వీళ్ళు అని ఆశ్చర్యం వేస్తుంది.

మర్నాడే ఐదుగురూ పెద్దాసుపత్రికి వెళ్ళి పరీక్ష చేయించుకున్నారు. మూడు నెలలు పోయాక మళ్ళీ వెళ్ళి చేయించుకున్నారు. ఫలితం ఏమిటని అడగబోతున్నారు కదూ? అది వాళ్ళ సొంత విషయం. నేను చెప్పను, మీరూ ఎవరినీ అలా అడగకూడదు.

ఆ రోజు శిబిరంలో జరిగింది మాత్రం ఇంకొక్కటుంది. నవ్వినవాళ్ళను తోసుకుంటూ సహస్ర తల్లి ముందుకు వచ్చింది. దిలీప్ ఎదుట నిలబడి రెండు చేతులూ జోడించింది.

"ఇచ్చినోళ్ళందరికీ ఇందాకే దండం పెట్టాను బాబూ. ఇవ్వనన్నందుకు నీకు పెడుతున్నా. నా బిడ్డ ప్రాణం కోసం ఇంతమందిలో పరువు వదులుకున్నావు. ఎవరు చేస్తారయ్యా ఈ పని!" అంది.

దిలీప్ రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చేశాడు.

నీతి: నలుగురిలో చిన్నబోతామని నిజాన్ని దాచకూడదు, మన పరువు కన్నా ఎదుటివాళ్ళ ప్రాణం పెద్దది.