పూలు అటూ, జనం ఇటూ

గవర్రాజు పెంచుతున్న పూలమొక్కలు వచ్చినవాళ్లకి వీపు చూపిస్తున్నాయి. మందారం, చామంతి, గులాబి, అన్నీ కూడబలుక్కున్నట్టు తూర్పుకి తిరుగుతున్నాయి. జనం ఎక్కొచ్చే మెట్లేమో పడమర వైపున్నాయి.

వినేవాళ్లకి నవ్వొస్తుంది గానీ, గవర్రాజుకి మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

చిదంబరయ్య గారి ఆశ్రమం గోదావరి పక్కన కొండవాలు మీద ఉంది. దాని ముందు చెక్కలు పరిచి కట్టిన పెద్ద అరుగు, పైన కప్పులేదు. పున్నమి పున్నమికి జనం అక్కడే కూర్చుని ఆయన మాటలు వింటారు. "ఈ అరుగుని కాస్త పచ్చగా చెయ్యవయ్యా" అని ఆయన గవర్రాజుకి అప్పజెప్పారు.

అలంకరణ గవర్రాజుకి కొత్తేం కాదు. తండ్రి భద్రం రాజమండ్రిలో పెళ్లిమండపాలు కట్టే మనిషి. కొడుకు ఆ పని వదిలేసి కొండెక్కి ఆశ్రమంలో చేరినందుకు ఆయనకి ఒళ్లుమంట. ఆమధ్య ఫోన్ చేసి తేల్చి చెప్పేశాడు.

"పుష్య పున్నమికి వస్తున్నాను. అక్కడ నువ్వేం వెలగబెడుతున్నావో చూస్తాను. బాగుంటే ఉండు. లేదా, నోరెత్తకుండా సంచీ సర్దుకుని నాతో రా."

గవర్రాజు సరేనన్నాడు. ఆ రోజు నుంచీ నిద్రలేదు.

కడియం నర్సరీల నుంచి ముప్పై పూలకుండీలు తెచ్చాడు. అరుగు మీద బారుగా పేర్చి, నీళ్లు పోయడానికి తూర్పున నది వైపు ఓ సందు వదిలాడు. అంతా బాగానే ఉంది, ఈ వీపుల గోల తప్ప. అందుకని పొద్దున్నే లేచి ముప్పై కుండీలనీ మెట్ల వైపు తిప్పేవాడు. నాలుగు రోజులు పోనిస్తే అవి మళ్లీ అటే వాలేవి. మళ్లీ తిప్పేవాడు.

కాడలు వంకర్లు పోయాయి. మందారం మొగ్గలు విచ్చకుండానే రాలిపోతున్నాయి.

పున్నమి ఇంకా పన్నెండు రోజులుందనగా చిదంబరయ్య గారు అరుగు మీదికొచ్చారు. రాలిన మొగ్గొకటి తీసి అరచేతిలో పెట్టుకున్నారు.

"ఎటు తిప్పుతున్నావు?"

"జనం వైపండి."

"ఊఁ. నీళ్లు మాత్రం పొయ్యి. తిప్పడం మానెయ్యి."

"అయ్యగారూ, మా నాన్న వస్తాడండీ!"

"రానీ."

అంతే. లోపలికి వెళ్లిపోయారు.

గవర్రాజుకి గురువుగారి మీద మొదటిసారి కోపమొచ్చింది. ఈయనకేం, హాయిగా కూర్చుంటారు, రేపు సంచీ సర్దుకోవలసింది నేను కదా అనుకున్నాడు. అయినా మాట జవదాటలేదు. వేలితో మట్టి నొక్కి చూసి, పొడిగా ఉన్న కుండీకే నీళ్లు పోశాడు. పండిన ఆకులు గిల్లేశాడు. తిప్పబోయిన చేతుల్ని ఎన్నిసార్లు వెనక్కి తీసుకున్నాడో అతనికే తెలియాలి.

పున్నమినాడు పొద్దున్నే భద్రం వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల పంచె. మెట్లెక్కి, అరుగు మీద నిలబడి చూశాడు. ఆకులు, కాడలు, వెనక్కి వంగిన తొడిమలు. ఒక్క పువ్వు మొహం కూడా ఇటు లేదు.

"ఏరా గవర్రాజూ, ఇన్నేళ్లు నా దగ్గర నేర్చుకున్నది ఇదేనా? పూలు అటూ, జనం ఇటూనా?"

గవర్రాజుకి తల కొట్టేసినట్టయింది. గురువుగారి వైపు చూశాడు.

చిదంబరయ్య గారు లేచి, తను కూర్చున్న చాప చుట్టి చంకన పెట్టుకున్నారు. రెండు కుండీల మధ్య నుంచి పక్కకి తిరిగి దూరి, మట్టినీళ్లు కారిన ఆ తడి సందులో చాప పరిచి, నదికి వీపు పెట్టి కూర్చున్నారు.

"రండి భద్రం గారూ. ఇక్కడ బాగుంది."

భద్రం తన పంచె కేసి చూసుకున్నాడు. ఆ బురద కేసి చూశాడు. పెద్దాయన పిలిచాక ఏం చేస్తాడు? పంచె ఎగ్గట్టి, గొణుక్కుంటూ దూరి, ఆయన పక్కన ఇరుక్కుని కూర్చుని తలెత్తాడు.

కళ్లముందు ముప్పై కుండీలు. అన్నిటి పూలూ మొహం మీదికి వచ్చినట్టున్నాయి. పొద్దుటి ఎండ సూటిగా వాటి మీదే పడుతోంది. ఎర్ర మందారం ఒకటి భద్రం ముక్కుకి జానెడు దూరంలో ఉంది.

దాన్ని వేలితో పక్కకి నెట్టి వదిలితే, మళ్లీ మొహం మీదికే వచ్చింది.

"మా మండపాల్లో పూలు ఎటు తిప్పితే అటే ఉంటాయండి. సాయంత్రానికి తీసి పారేస్తాం" అన్నాడు. "ఇవేంటండీ, చెప్పినమాట వినవా?"

"వినవు. పాపం, వాటికి కాళ్లు లేవు" అన్నారు చిదంబరయ్య గారు. "మనకున్నాయి."

భద్రం మధ్యాహ్నం అక్కడే భోంచేశాడు, అదే సందులో, విస్తరి ఒళ్లో పెట్టుకుని. ఎండ వాలుతుండగా లేచాడు. సంచీ మాట ఎత్తుతాడేమోనని గవర్రాజు ఆయన వెనకే మెట్ల దాకా నడిచాడు. భద్రం మూడు మెట్లు దిగి, వెనక్కి తిరిగాడు.

"ఆ సందు కాస్త వెడల్పు చెయ్యరా. వచ్చే పున్నమికి మీ అమ్మని కూడా తీసుకొస్తాను."

పంచె వెనక బురద మరకతో ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున గవర్రాజు ఒక్కో కుండీనీ రెండు చేతులా ఎత్తి, మొహం మాత్రం అటే ఉంచి, రెండడుగులు ఇటు, మెట్ల వైపుకి జరిపాడు.