పోలమ్మ గది

గొట్టివాడలో బుట్టలల్లే అప్పలకొండ ఇంట్లో పదకొండు మంది. ఇల్లు మాత్రం ఒకటే పెద్ద సావిడి. "గదులుంటే కదా తగువులు! మా అంత తెలివైన కొంప చుట్టుపక్కల ఇంకోటి లేదు" అని అప్పలకొండ మీసం దువ్వుకునేవాడు.

ఆ తెలివి తమ్ముడి పెళ్ళాం పోలమ్మ ప్రాణానికొచ్చింది. ఆమె తల్లి పోయి నెలయింది. కడుపారా ఏడుద్దామంటే చోటేదీ? ఆమె ముక్కు చీదితే చాలు, పదిమందీ చుట్టూ చేరి బావురుమనేవారు. అంతే, తన ఏడుపు దిగమింగి వాళ్ళ కళ్ళు తుడిచేసరికి పొద్దుగుంకేది.

"బావా, నాకో గది కట్టించు. లేదంటే ఏడవడానికి మా ఊరు పోతా" అంది.

మేస్త్రి వచ్చాడు. "ఒంటరిగా ఉండాలంటే ఉండగలగాలి, పిలిస్తే అందరూ పలకాలి. ఇల్లంటే అదీ! గదికి ప్రాణం తలుపు. ముందు తలుపు నిలబెట్టండి. గోడలదేముంది!" అని చుట్ట ముట్టించుకుని పోయాడు.

ఇంకేముంది! తలుపూ ద్వారబంధం తెచ్చి సావిడి నడిమధ్య పాతారు. గోడలదేముందన్నాడుగా, వాటి ఊసే ఎత్తలేదు.

పోలమ్మ గడప దాటి లోపలికెళ్ళి గడియ వేసుకుంది. అత్త నాలుగడుగుల దూరంలో నిలబడి అటే చూస్తూ, "పోలీ, ఉన్నావటే?" అంది.

"ఉన్నానత్తా."

"వెంట్రుకవాసి కనపడితే ఒట్టు! బలే గది!"

ఇంతలో మొగుడు సన్నాసికి తువ్వాలు కావాల్సొచ్చింది. అది పోలమ్మ పక్కనే పడుంది. తలుపు బాదాడు. "పక్కనించి పోయి తీసుకోరాదూ?" అంది పొరుగింటి గౌరమ్మ.

"గోడకి తల బద్దలవదూ! కళ్ళు లేవా నీకు?" అని కసిరాడు.

పోలమ్మ తీయబోతే కొత్త గడియ బిగుసుకుపోయింది. "బావోయ్! లోపల చిక్కడిపోయాను!"

"ఊపిరాడుతోందా?"

"ఆడీ ఆడనట్టుంది!"

"తలుపు విరగ్గొడదాం" అన్నాడు సన్నాసి.

"ఒరే, గది ప్రాణం తీస్తావా!" అని అప్పలకొండ మండిపడ్డాడు.

అంతే, అన్నదమ్ములు కప్పెక్కి పెంకులు ఊడదీశారు. తాడు దించి పోలమ్మని పైకి లాగి, వీధిలోకి నిచ్చెన మీద దింపారు. పదిమందీ వాటేసుకున్నారు.

"కడుపారా ఏడ్చావా తల్లీ?" అంది అత్త.

పోలమ్మ నోరు తెరిచింది. "అయ్యో! ఆ కంగారులో ఏడుపు లోపలే మరిచిపోయానత్తా!"

ఇంకేముంది! మళ్ళీ నడుముకి తాడు కట్టి, కప్పు మీంచి లోపలికి దించారు. ఈసారి పోలమ్మ తల్లిని తలుచుకుని గుండె పగిలేలా ఏడ్చింది. పదిమందీ చుట్టూ కూర్చుని, ఆమెనే చూస్తూ గుసగుసలాడుకున్నారు.

"పాపం, లోపల ఒక్కత్తీ ఏం చేస్తోందో!"