కుర్మయ్య డేరాలో కంత

1971లో, రోహిణి కార్తె చివరి రోజుల్లో, పాలమూరు నుంచి కాలువ పనికి వెళ్ళిన కూలీలకు కుర్మయ్య అనే గుంపు మేస్త్రీ ఉండేవాడు. తన మీద పడిన ఏ బరువునైనా పక్కవాడి మీదికి నెట్టేయడం అతని అలవాటు. మట్టి తట్ట బరువైతే బామ్మర్ది నెత్తికెత్తేవాడు. దారి తప్పితే పెళ్ళాం మాటల్లో పెట్టిందనేవాడు. గడ్డపార మొన వంగితే రాయిది తప్పనేవాడు.

గుత్తేదారు వాళ్ళకొక పెద్ద డేరా ఇచ్చాడు. నడుమ ఒక నిట్రాడు, నాలుగు మూలలా నాలుగు గుంజలు, పైన నీళ్ళు దిగని మందపాటి గుడ్డ, తాటిపత్రి. ఒక మూల కుర్మయ్య, అతని భార్య సాయమ్మ ఉండేవారు. రెండో మూల సాయమ్మ తమ్ముడు జోగన్న. మూడో మూల తిమ్మక్క. ఆమె నలభై ఏళ్ళుగా కాలువల మట్టి మోసిన ముసలామె. నాలుగో మూలలో అందరికీ కలిపి ఒక పొయ్యి, ఒక జొన్నపిండి మూట.

కుర్మయ్యకు ఒక రేడియో ఉండేది. రెండేళ్ళ కూలి కూడబెట్టి కొన్నాడు. వాళ్ళ ఊళ్ళో రేడియో ఉన్నది అతనొక్కడికే. ఆ రెండేళ్ళూ సాయమ్మకు కొత్త చీర లేదు. ఉన్న పాత చీరలోనే ఒక ముక్క చింపి రేడియోకు తొడుగు కుట్టించాడు. ఎవరైనా దాని దగ్గర తుమ్మితే కూడా ఊరుకునేవాడు కాదు.

కాలువ గట్టు పల్లంలో డేరా వేయడం వల్ల రేడియో గరగరమనేదే తప్ప సరిగా పలికేది కాదు. తీగను పైకి తీసుకుపోతే పలుకుతుందని ఎవరో చెప్పారు. కుర్మయ్య ఒక ఇనుప చువ్వను పొయ్యిలో ఎర్రగా కాల్చి, తన నెత్తి మీది తాటిపత్రికి బొటనవేలంత కంత పెట్టాడు. తీగను అందులోంచి పైకి పోనిచ్చి వెదురుగడకు కట్టాడు. రేడియో గణగణ పలికింది.

తిమ్మక్క తల పైకెత్తి చూసింది.

"కుర్మిగా, కంత పెట్టినవు. వానొస్తే ఎట్లరా?"

"వాన యాడిది పెద్దమ్మా? ఎండకు రాళ్ళు పగులుతున్నయి."

"గుత్తేదారు కొట్టం కాడ తారు డబ్బా ఉన్నది. జెర పేలిక ముంచి తీగ చుట్టూ అంటియ్యి. ఆకు నమిలినంత సేపు పట్టది."

"తారు చేతికంటితే పోదు. జోగిగానికి చెప్తలే."

జోగన్నకు చెప్పాడు. జోగన్న నింపాదిగా బీడీ వెలిగించి, "కంత ఎవరిది బావా?" అని అడిగాడు. ఆ ఒక్క మాట మీద బావాబామ్మర్దులు మూడు రోజులు మాట్లాడుకోలేదు. తారు డబ్బా దాని చోట అది ఉంది. కంత దాని చోట అది ఉంది.

నాలుగో రోజు మధ్యాహ్నం అందరూ తినడానికి కూర్చున్నారు. రేపటి వరకూ వాతావరణం పొడిగా ఉంటుందని రేడియో చెప్పింది.

"విన్నవా పెద్దమ్మా?" అన్నాడు కుర్మయ్య, రేడియో తన కొడుకైనట్టు.

ఆ మాట నోట్లో ఉండగానే అతని జొన్నరొట్టె మీద టప్పున ఒక చుక్క పడింది. ఆ వెనకే ఉరిమింది. ఆ వెనకే వాన కుండలతో కుమ్మరించినట్టు దిగింది.

నీళ్ళు కంతలోంచి లోపలికి వచ్చి, తీగ పట్టుకుని, సూటిగా రేడియో దగ్గరికి నడిచాయి. కుర్మయ్య తీగ పీకేసి, పలుకుతున్న రేడియోను పలుకుతున్నట్టే చంకనెత్తుకున్నాడు. పైన తాటిపత్రి నీళ్ళ బరువుకు కుండ పొట్టలా కిందికి జారింది.

"ఒక్కరు బయటికి పోయి ఆ మూల తాడు వదులు చేయండిరా," అంది తిమ్మక్క. "అంచు వంగితే నీళ్ళు వాటంతట అవే పోతయి."

"బయటికి పోతే తడుస్తం కద! జోగిగా, నువ్వు పో."

"కంత నీది, రేడియో నీది, తడుసుడు నాదా? మంచిగ చెప్పినవు బావా!"

కుర్మయ్య ఇక అడగలేదు. ఒక చేత్తో రేడియో పట్టుకుని, రెండో చేత్తో పార కామ తీసుకుని, పైనున్న పొట్టను ఒక్క తోపు తోశాడు. నీళ్ళు దబదబ దొర్లి జోగన్న మూలకు చేరాయి. కారడం ఆగింది.

"పోయినయి!" అన్నాడు కుర్మయ్య సంతోషంగా.

ఆ పొట్ట ఇప్పుడు జోగన్న తల మీద వేలాడింది. జోగన్న గబుక్కున లేచి, తట్టను బోర్లించి, దానితో పైకి ఎత్తి తోశాడు. నీళ్ళు తిమ్మక్క మూలకు పోయాయి. తిమ్మక్కకు నలభై ఏళ్ళ అనుభవం ఉంది. కానీ పొడిగా ఉన్న గొంగడి కూడా ఒకటే ఉంది. ఆమె గొణుక్కుంటూ చేతికర్రతో నీళ్ళను పొయ్యి మూలకు తోసింది.

పొయ్యి దగ్గర సాయమ్మ ఉంది. ఆమె మొదట పిండి మూటను ఎత్తి చంకన పెట్టుకుంది. తర్వాత చీపురు తిరగేసి, పైనున్న పొట్టను తన మొగుడి మూలకే తోసింది.

"ఏమే! నీ మూలకే తోస్తవా? రేడియో ఉన్నదే ఈడ!"

"పిండి తడిస్తే ఏం తింటం? రేడియోను నంజుకుంటవా?"

కుర్మయ్య మళ్ళీ జోగన్న మీదికి తోశాడు. జోగన్న మళ్ళీ తిమ్మక్క మీదికి తోశాడు. అలా నీళ్ళు నిట్రాడు చుట్టూ తిరగసాగాయి. పైన వాన ఆగలేదు గనుక ప్రతి చుట్టుకూ పెరుగుతూ వచ్చాయి. మొదటిసారి వచ్చినప్పుడు కుండంత ఉన్న పొట్ట, రెండోసారి గాబంత అయింది. మూడోసారి సాయమ్మ చీపురు దాటి వచ్చేసరికి పండుకున్న దున్నపోతంత ఉంది. నిట్రాడు కిర్రుమంది. పార కామ పెట్టి తోస్తే పొట్ట కదలలేదు, కామే వంగింది.

అప్పటికీ రేడియో అతని చంకలో గరగరల మధ్య ఎవరిదో పెళ్ళిపాట పాడుతూనే ఉంది.

కుర్మయ్య పార కామ పారేసి గడ్డపార అందుకున్నాడు.

"వద్దురోయ్! తాడు వదులు చెయ్యి!" అని తిమ్మక్క అరిచింది.

అతను పొడిచాడు. కంత దగ్గర మొదలైన చిరుగు నిట్రాడు దాకా పోయింది. మూడు చుట్లు తిరిగిన నీళ్ళు ఒక్కసారిగా కుర్మయ్య నెత్తిన పడ్డాయి. అతను కూలబడ్డాడు. పెళ్ళిపాట గుటుక్కుమని ఆగిపోయింది. పొయ్యి ఆరిపోయింది. తిమ్మక్క గొంగడి తేలింది. బయటికి పోతే తడుస్తామని కూర్చున్న వాళ్ళంతా లోపలే తలంటి పోసుకున్నట్టు తడిశారు. పిండి మూట మాత్రం సాయమ్మ చంకలో, కొంగు కింద పొడిగా ఉంది.

అప్పుడు జోగన్న బయటికి పోయి, మూల తాడు వదులు చేసి వచ్చాడు. మిగిలిన నీళ్ళు జారి బయటికి పోయాయి. ఆ పనికి ఆకు నమిలినంత సేపు కూడా పట్టలేదు.

తిమ్మక్క గొంగడి పిండుకుంటూ నవ్వింది. "పొద్దంత నీళ్ళకు దారి తవ్వే కూలీలం. మన నెత్తి మీది నీళ్ళకు జానెడు దారి ఇయ్యకపోతిమి."

కుర్మయ్య రేడియోను తలకిందులు చేశాడు. అందులోంచి గ్లాసెడు నీళ్ళు కారాయి. అలవాటు కొద్దీ అతను చుట్టూ చూశాడు. బామ్మర్దిని చూశాడు, తిమ్మక్కను చూశాడు, చివరికి ఆకాశాన్ని కూడా చూశాడు.

"ఇది ఎవరి తప్పే?" అన్నాడు సాయమ్మతో.

"రేడియోనడుగు. అన్నీ అదే చెప్తది కద."

మర్నాడు కుర్మయ్యే దబ్బనం పట్టి తాటిపత్రి చిరుగు కుట్టాడు. తారు డబ్బా తానే మోసుకొచ్చి, కుట్టు పొడవునా తానే పూశాడు. పదిహేను రోజులు అతని చేతులు నల్లగా ఉన్నాయి. ఎవరైనా అడిగితే, "కంత నేను పెట్టిందే," అనేవాడు. ఆ మాట అనడానికి మొదట్లో కొంచెం తడబడ్డాడు గాని తర్వాత అలవాటైంది.

నెత్తి మీదికొచ్చిన కష్టాన్ని పక్కవాడి నెత్తికి నెడితే అది పోదు, చుట్టూ తిరిగి ఇంకా పెద్దదై మన దగ్గరికే వస్తుంది. అందుకే ఎవరు పెట్టిన కంతను వాళ్ళే, చిన్నగా ఉన్నప్పుడే పూడ్చుకోవాలి.

ఆ రేడియో మళ్ళీ పలకలేదు. సాయమ్మ అందులో ఎండు మిరపకాయలు దాచుకుంది.