పైడయ్య అడిగిన నూనె

భానోజీకి నాలుగు నెలలుగా ఒకటే సందేహం. మలబద్ధకంతో వచ్చిన మనిషికి నూనె వస్తి మంచిదా, కషాయ వస్తి మంచిదా?

వస్తి అంటే ఏమిటో నాగావళి ఒడ్డున ఉన్న ఆ వైద్యశాలకి వచ్చేవాళ్లందరికీ తెలుసు. మనిషిని ఎడమ పక్కకి పడుకోబెట్టి, ఎనిమా డబ్బా పైకి ఎత్తి పట్టుకుని, గొట్టంతో కింద నుంచి మందు ఎక్కించడం. చెప్పుకోవడానికి సిగ్గు, చేయించుకున్నాక హాయి. వారం రోజులుగా కడుపు కదలనివాడికి అంతకు మించిన సుఖం ఇంకొకటి కనిపించదు.

ఈ సందేహం గురువు చిదంబరయ్యగారి ముందు పెడితే, "ఎవరైనా వచ్చినప్పుడు అడుగు, చెబుతాను" అన్నారు. భానోజీకి ఆ జవాబు నచ్చలేదు. ముప్ఫై ఏళ్లు వైద్యం చేసి ఈ పాటిది తేల్చుకోలేకపోయారా అనుకున్నాడు. పట్నంలో రెండేళ్లు వైద్యం చదివి వచ్చినవాడు కదా, ఆ మాత్రం అనుకుంటాడు.

ఎండలు ముదిరే రోజుల్లో గురువుగారు ఏటి అవతల ఊళ్లో పక్షవాతం వచ్చిన మనిషిని చూడ్డానికి వెళ్తూ, పది రోజులపాటు వైద్యశాల భానోజీకి అప్పజెప్పారు. "జాగ్రత్త" అని మాత్రం అన్నారు.

ఆయన నావ ఎక్కగానే భానోజీ కొత్త నోటు పుస్తకం తెరిచి పేజీ మధ్యలో గీత గీశాడు. అటు నూనె, ఇటు కషాయం. వచ్చిన వరుసలోనే ఒకరికి అది, తర్వాతివారికి ఇది. అందులో తన ఇష్టం కలవకూడదు, రోగి ఇష్టం అసలే కలవకూడదు. నిజాయితీగా పోల్చాలంటే ఇదే పద్ధతని పట్నంలో నేర్పారు. రోగికి చెప్పకుండా, అతని మాట వినకుండా చేసెయ్యమని మాత్రం అక్కడ ఎవరూ నేర్పలేదు.

ఎనిమిదో మనిషిగా పైడయ్య వచ్చాడు. డెబ్భై ఏళ్లవాడు, రేవులో నావ నడిపేది ఆయనే. ఒళ్లంతా ఎండిన కట్టె, కడుపు అంతకంటే ఎండిపోయింది. నెలకోసారి వచ్చి గురువుగారి చేత నువ్వులనూనె వస్తి చేయించుకుని వెళ్లి, మర్నాడు మళ్లీ నావ తోసే గెడ పట్టడం ఆయనకి అలవాటు.

పైడయ్య గుమ్మంలోనే ఆగి భానోజీ చేతిలోని గిన్నెకేసి చూశాడు.

"బాబూ, అది కసాయం కదా. నాకు నూనే పడతాది. పెద్దయ్యగోరు ఎప్పుడూ అదే పెడతారు."

"ఈసారి ఇది. ఇంకా తొందరగా పనిచేస్తుంది."

"నాకేటి తొందర బాబూ? నూనె పెట్టండి, సాయంత్రం దాకా పడుంటాను."

"నీ వరుసకి కషాయం వచ్చింది పైడయ్యా. మారిస్తే నా పనంతా పాడవుతుంది."

బాబు పని ఏమిటో, దానికీ తన కడుపుకీ సంబంధం ఏమిటో పైడయ్యకి అర్థం కాలేదు. కానీ చదువుకున్నవాడు చెబుతున్నాడు. ఎడమ పక్కకి తిరిగి పడుకున్నాడు.

పావుగంటలో కడుపు కదిలింది. భానోజీ సంతోషంగా రాసుకున్నాడు. మూడు రోజులు చేయాలి గనుక మర్నాడూ రమ్మన్నాడు. రెండోరోజు పైడయ్య గోడ పట్టుకుని వచ్చాడు, గోడ పట్టుకునే వెళ్లాడు. మూడోరోజు రాలేదు.

భానోజీ ఆయన పేరుకెదురుగా ఇలా రాశాడు: "మూడోరోజు అవసరం లేకపోయింది. నయం."

ఆ వైద్యశాలలో ఒక ఆచారం ఉంది. వస్తి ఎవరు చేస్తే వాళ్లే రోగి కింద పరిచిన గుడ్డ ఉతకాలి. గురువుగారు కూడా నూతి దగ్గర కూర్చుని ఉతికేవారు. భానోజీ మాత్రం ఆ పది రోజులూ ఆ పని చాకలి గంగమ్మకి ఇచ్చేశాడు. రాసుకోవడానికే పొద్దు చాలడం లేదాయె.

పదో రోజు మధ్యాహ్నం గురువుగారు నావ దిగి వచ్చారు. భానోజీ ఎదురెళ్లి, ఆయన కాళ్లు కడుక్కునేదాకా కూడా ఆగలేక, పుస్తకం తెరిచి పట్టుకున్నాడు.

"తేలిపోయింది గురువుగారూ! నూనెకి ఒక పూట పడుతోంది, కషాయానికి పావుగంట చాలు. కషాయం తీసుకున్న ఆరుగురికి ఆరుగురూ నయం."

"పైడయ్యకి?"

"నయమే. మూడోరోజు రానే లేదు."

చిదంబరయ్యగారు పుస్తకం అందుకోలేదు. పెరటి వసారాలోకి వెళ్లి, ఉతికి మడతపెట్టిన గుడ్డలు ఒక్కొక్కటే తీసి చూశారు. ఒకటి తెచ్చి తెరిచిన పేజీ మీద పరిచారు. గంగమ్మ ఎంత ఉడకబెట్టినా దాని మధ్యలో తుప్పు రంగు మరక మిగిలిపోయింది.

అది రక్తమని భానోజీకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"ఇవాళ నావ నడిపింది వాళ్లబ్బాయి," అన్నారు గురువుగారు. "తండ్రి లేవడం లేదని చెప్పాడు."

ఆయనే పొయ్యి రాజేసి, నూనె కాచి, గిన్నె మీద మూత పెట్టుకుని బయల్దేరారు. భానోజీ డబ్బా, గొట్టం పట్టుకుని వెనకాల నడిచాడు. దారిలో ఆయన ఒక్క మాటైనా తిడితే బావుండునని అతనికి అనిపించింది. ఆయన తిట్టలేదు.

పైడయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అలికిడికి తల తిప్పి, గురువుగారి వెనక భానోజీని చూసి, కంగారుగా లేవబోయాడు.

"బాబు తప్పేం లేదయ్యా. నా పేగులే పాతబడిపోనాయి."

చిదంబరయ్యగారు నూనె గిన్నె కింద పెట్టారు. మోకాళ్ల మీద వంగి, పైడయ్య పాదాలకి నుదురు ఆనించారు.

"అయ్యో! ఏటయ్యా ఇది! మీరు ఊల్లో లేరు కదా!" పైడయ్య కాళ్లు వెనక్కి లాక్కుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

వస్తికి పైడయ్యని పక్కకి తిప్పుదామని భానోజీ ముందుకొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తగలగానే ముసలాయన ఒళ్లంతా బిగుసుకుపోయింది. పైడయ్య నోరు తెరిచి వద్దనలేదు. అయినా భానోజీ చెయ్యి తీసేసి, బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తడికలోంచి గురువుగారి గొంతు వినబడుతోంది.

"నూనే పైడయ్యా. ఏదీ, నీ వేలు ముంచి చూడు. వేడి సరిపోయిందా?"

"సరిపోనాది అయ్యా."

ఆ చిన్న ప్రశ్న తను ఎవరినీ అడగలేదని భానోజీకి గుర్తొచ్చింది. పది రోజుల్లో, పన్నెండు మందిలో, ఒక్కరిని కూడా అడగలేదు.

గురువుగారు తొమ్మిది రోజులు అలా వెళ్లి వచ్చారు. భానోజీ రోజూ వెంట వెళ్లి అరుగు మీదే కూర్చున్నాడు, రోజూ గుడ్డ ఉతికాడు. నాలుగో రోజుకి రక్తం ఆగింది. పోయిన సత్తువ మాత్రం తిరిగి రాలేదు.

పదకొండో రోజున పైడయ్య నెమ్మదిగా రేవులోకి నడిచి వచ్చాడు. గురుశిష్యులిద్దరూ అవతలి ఒడ్డుకి వెళ్లాల్సిన పని ఉండి నావలో కూర్చున్నారు. పైడయ్య గెడ అందుకుని ఇసుకలో దింపాడు. నావ కదల్లేదు. ఇంకోసారి దింపాడు, అప్పుడూ కదల్లేదు. గెడ కొడుకు చేతికి ఇచ్చేసి, వచ్చి ప్రయాణికుల బల్ల మీద కూర్చున్నాడు.

"యాబై యేళ్లకి నన్నూ ఒకలు ఏరు దాటిస్తన్నారు," అని నవ్వాడు.

అవతలి ఒడ్డున దిగి కొంత దూరం నడిచాక భానోజీ ఆగిపోయాడు. అతని కళ్లు నిండి ఉన్నాయి.

"తప్పు చేసింది నేను గురువుగారూ. ఆరోజు మీరెందుకు కాళ్లు పట్టుకున్నారు?"

చిదంబరయ్యగారు ఏటివైపు తిరిగారు.

"నువ్వు ఆయన్ని చూడకుండా మందు ఇచ్చావు నాయనా. నేను నిన్ను చూడకుండా నీ చేతికి మనుషుల్ని ఇచ్చాను."