తడిగుడ్డ

ఆ వేళ వీరబాబు కాలు నేలమీద నిలవడం లేదు. ఆసుపత్రిలో రోగులు తమ జబ్బు చెప్పుకునే కౌంటర్ల కంప్యూటర్లకి కెర్నెల్ సిద్ధం చేస్తున్నాడు. ఏ ప్రోగ్రాంకి ఎంత మెమరీ ఇవ్వాలో, ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో చూసుకునే లోపలి పెత్తనమంతా కెర్నెల్‌దే. రక్షణ ఆప్షన్లన్నీ బుద్ధిగా ఆన్ చేసి, ఒక్కటి మాత్రం ఆపేశాడు. దాంతో మిషన్ నూటికి మూడు పాళ్లు జోరందుకుంది.

వాడి గురువు పేర్రాజు మాస్టారికి బొత్తిగా వినపడదు. ఎవరేం అడగాలన్నా పలక మీద రాయాలి. ఆయన చదివి, వెంటనే పక్కనున్న తడిగుడ్డతో తుడిచి, జవాబు నోటితో చెబుతారు. ఒకరు రాసింది ఇంకొకరు చూడటం ఆ గదిలో ఎన్నడూ లేదు.

వీరబాబు రాశాడు: “ఒక ప్రోగ్రాం వాడుకుని వదిలేసిన మెమరీని కెర్నెల్ ప్రతిసారీ ఎందుకు తుడవాలండీ? తర్వాత వచ్చినవాళ్లు దానిమీదే రాసుకుంటారు కదా. ఉత్తినే టైము దండగ. ఆపేశాను.”

మాస్టారు చదివారు. తుడిచారు. “ఊఁ. ఇంకేమైనా ఉందా?” అన్నారు.

మెచ్చుకుంటారనుకున్నాడు పాపం. పలక మళ్లీ దగ్గరికి లాక్కుని, ఈసారి చిన్న అక్షరాలతో రాశాడు: “రేపు సెలవు కావాలండీ. అమ్మకి వచ్చిన గడ్డ మంచిది కాదని రిపోర్టు వచ్చింది. అమ్మకి ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియడం లేదు.”

మాస్టారు రెండుసార్లు చదివారు. వాడి భుజం మీద చెయ్యి వేసి, “వెళ్లిరా నాయనా” అన్నారు.

అంతలో నస్రీన్ ఏదో సందేహంతో వచ్చింది. ఆమె కూడా ఆయన దగ్గరే నేర్చుకుంటోంది. ఉండేది వీరబాబు వాళ్లింటి కింది వాటాలోనే. సాయంత్రం వీరబాబు వాళ్లమ్మ దగ్గర కూర్చుని కబుర్లు చెప్పనిదే ఆ పిల్లకి తోచదు. అలవాటుగా పలక కోసం చెయ్యి చాపింది.

మాస్టారు గుడ్డ జోలికి పోలేదు. పలక ఉన్నదున్నట్టే అందించబోయారు.

వీరబాబు ఒక్క గెంతున వచ్చి లాక్కున్నాడు. గుడ్డ కోసం కూడా చూడలేదు, అరచేత్తోనే గబగబా తుడిచేశాడు. కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

“అదేంటండీ మాస్టారూ, తుడవకుండా ఇచ్చేస్తారేంటండీ!” అని అరిచాడు. ఆయనకి వినపడదన్న సంగతే మరిచిపోయాడు.

మాస్టారు బలపం అంటిన వాడి అరచెయ్యి పట్టుకుని, తడిగుడ్డతో మెల్లగా తుడిచారు.

“తుడవడానికి ఎంతసేపు పట్టిందిరా?” అని అడిగారు.