గొలుసులో ఆరో గొంతు

దేవసహాయం మాస్టారు మా చేత పాట పాడించే ముందు పది నిమిషాలు పాట కానిదేదో పాడించేవారు. మొదట పెదవులు మూసుకుని ‘మ్’ అనాలి. తర్వాత గొలుసు. పన్నెండు మందిమి వరసగా నిలబడితే, మొదటి అమ్మాయి హార్మోనియం మెట్టు విని షడ్జం ఎత్తుకునేది. రెండో అమ్మాయి అందులో కలిసేది, ఆ పైన మూడో అమ్మాయి, అలా పన్నెండో గొంతు దాకా. ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు పక్కవాళ్లు స్వరాన్ని నిలపాలి. చివర్న మాస్టారు మళ్లీ అదే మెట్టు నొక్కేవారు. స్వరం అక్కడే ఉంటే ఆ పూట పాట ఉండేది, జారితే మళ్లీ గొలుసే.

మా ట్రైనింగు స్కూలు మొత్తానికి మంచి గొంతు కృపావతిది. ఆ మాట మేమే కాదు, కృపావతి కూడా అనేది. నోరు మూసుకుని మూలగడానికా నాకీ గొంతు ఇచ్చింది దేవుడు, అని విసుక్కునేది. అయినా పోటీల్లో మొదటి స్వరం ఎత్తే పని మాస్టారు సుగుణకే అప్పగించేవారు. సుగుణది సన్నటి గొంతు, నాలుగో బెంచీ దాటదు. ఆ పిల్లను చూస్తే చాలు, కృపావతి కళ్లల్లో నిప్పులు పోసుకునేది. సుగుణ తీసుకున్న పాపిడి నచ్చేది కాదు, తిన్న ముద్ద నచ్చేది కాదు. ఆ కడుపుమంట ఎలా ఉంటుందో నాకు తెలుసు. కృపావతి గొంతు విన్నప్పుడల్లా నాకూ అదే మంట.

జిల్లా పోటీ శనివారమనగా, మంగళవారం ఉదయం ఆమె ఇక ఆగలేక అందరి ముందూ అడిగేసింది.

“మాస్టారండీ, నాకంటే సుగుణకి ఏం ఎక్కువండీ?”

వ్యవహారం శ్రుతి మించి రాగాన పడుతోందని మేం తలలు వంచుకున్నాం. మాస్టారికి కోపం రాలేదు. “నువ్వియ్యాళ పాడకమ్మా. ఎదురుగా నిలబడి విను. గొలుసు ఎవరి దగ్గర జారుతుందో చెప్పు” అన్నారు.

మొదటి చోట నన్ను నిలిపి, సుగుణని ఆరో చోటికి పంపారు. నేను ఎత్తుకున్నాను. ఒక్కొక్కరే కలుస్తున్నారు. కృపావతి మా ఎవరి వంకా చూడలేదు. సుగుణ నోరు తెరిచేదాకా కాచుకుని ఉంది, తెరవగానే ఆమె మొహం వెలిగిపోయింది. పదకొండో గొంతు కలవడమే ఆలస్యం, గట్టిగా చెప్పేసింది.

“ఆరో గొంతు దగ్గరండీ! అయిదుగురి దాకా బానే ఉంది. సుగుణ కలిసిందో లేదో, కిందికి జారింది.”

మేమింకా స్వరం వదల్లేదు. మాస్టారు మెట్టు నొక్కారు. అదీ మాదీ ఒకటే.

“వెనకవాళ్లు సర్దుకుని ఉంటారండీ” అంది కృపావతి, తగ్గకుండా.

మాస్టారు చెయ్యెత్తి మమ్మల్ని ఆపారు. “సుగుణకి నిన్నటి నుంచి గొంతు పెగలడం లేదు. వరసలో నిలబడి నోరు తెరువు చాలు, పాడొద్దని నేనే చెప్పాను.”

సుగుణ తప్పేదో తనదే అయినట్టు తల దించుకుంది. కృపావతి మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను సంతోషపడ్డాను, దాచుకోవడమెందుకు. కానీ ఆమె ఏడుపు గొంతుతో అడిగిన మాటకు ఆ సంతోషం నిలవలేదు.

“నాకు వినపడిందండీ మాస్టారూ, ఒట్టు. మరి నేను విన్నది ఎవరి గొంతండీ?”

మాస్టారు హార్మోనియం తిత్తి మూసి కొక్కెం పెట్టారు.

“శనివారానికి సుగుణ గొంతు రాదు. మొదటి స్వరం నువ్వే ఎత్తు. ఎత్తే ముందు నువ్వు విన్నది ఎవరి గొంతో తేల్చుకో తల్లీ” అన్నారు.